లోపలికొచ్చిన పెట్టుబడి బయటికెళ్లే దారి

రాయ్‌పూర్‌లో పండరీ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది టోకు బట్టల మార్కెట్. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి చిల్లర వ్యాపారులు ఇక్కడికి వచ్చి చీరల మూటలు కట్టించుకుని పోతుంటారు. ఇదే పండరీలో, సిటీ సెంటర్ మాల్‌లో, రాష్ట్ర ప్రభుత్వం స్టార్టప్‌ల కోసం 36ఇంక్ అనే ఇంక్యుబేటర్‌ను ఏర్పాటు చేసింది. మార్కెట్‌లో తరాలుగా సాగుతున్నది సొంత డబ్బుతో, చుట్టాల డబ్బుతో నడిచే వ్యాపారం. మాల్‌లో యువత నేర్చుకుంటున్నది ముక్కూ మొహం తెలియని ఫండ్ల డబ్బుతో నడిపే వ్యాపారం. రెండు చోట్లా ఏదో ఒక రోజు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: డబ్బు పెట్టినవాడు తన వాటా తీసుకుని వెళ్లిపోతానంటే ఎలా?

బట్టల దుకాణంలో దీనికి పాత పద్ధతి ఒకటుంది. భాగస్వామి విడిపోతానంటే నలుగురు పెద్దలు కూర్చుంటారు. ఉన్న సరుకుకు ధర కడతారు, రావలసిన ఉద్దెర లెక్క చూస్తారు, దుకాణం పగిడీకి, పేరుకు ఇంత అని వేస్తారు. మిగిలే భాగస్వామి ఆ మొత్తాన్ని రెండు మూడు కిస్తుల్లో కట్టేస్తాడు. దుకాణం మర్నాడు మామూలుగానే తెరుస్తారు. కొనే వాళ్లకు తేడా తెలియదు.

పేదలకు మేలు చేస్తూ లాభం కూడా తీయాలని పెట్టిన కంపెనీల్లో ఈ విడిపోవడం ఇంత తేలిక కాదు. పల్లెలో అప్పు ఇచ్చే సంస్థ, మంచినీళ్ల ప్లాంటు నడిపే సంస్థ, చిన్న రైతు పాలు కొనే సంస్థ వంటివాటిలో పెట్టే డబ్బును ఇంపాక్ట్ పెట్టుబడి అంటున్నారు. ఇక్కడ డబ్బు పెట్టినవాడు రెండు మాటలు ఇస్తాడు. తనకు డబ్బిచ్చిన వాళ్లకు రాబడి తెస్తానన్నది ఒకటి. ఆ కంపెనీ ఎవరి పేరు చెప్పి మొదలైందో వాళ్లకు మేలు జరుగుతుందన్నది రెండోది. పెట్టుబడి పెట్టేటప్పుడు ఈ రెండు మాటలూ కలిసే నడుస్తాయి. వాటా అమ్ముకుని వెళ్లే రోజునే అవి విడిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ రోజు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి తెలుగు నేల కంటే మంచి పాఠశాల దేశంలో మరొకటి లేదు.

ముందు ఫండ్ సంగతి కొంచెం చూడాలి. ఫండ్ నడిపేవాళ్లది సాధారణంగా సొంత డబ్బు కాదు. పెన్షన్ సంస్థలు, అభివృద్ధి బ్యాంకులు, ధర్మసంస్థలు, సంపన్న కుటుంబాలు ఇచ్చిన డబ్బును పోగుచేసి కంపెనీల్లో పెడతారు. ఆ ఫండ్‌కు ఆయుష్షు ఉంటుంది, ఎక్కువగా పదేళ్లు, మరీ అవసరమైతే ఒకటి రెండేళ్లు పొడిగింపు. మొదటి నాలుగైదేళ్లలో పెట్టాలి, తర్వాతి ఐదేళ్లలో అమ్మి తిరిగి ఇచ్చేయాలి. అందుకే ఫండ్ మేనేజర్ ఒక కంపెనీలోకి అడుగుపెట్టిన రోజునే ఎలా బయటపడాలో ఆలోచించడం మొదలుపెడతాడు. అందులో తప్పేమీ లేదు. కంపెనీ పెట్టిన వ్యక్తికి ఆ సంగతి తెలియకపోవడమే తప్పు.

బయటపడే దారులు నాలుగైదు. కంపెనీని స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ చేసి ఐపీఓలో షేర్లు అమ్మడం ఒకటి. అదే రంగంలో ఉన్న పెద్ద కంపెనీకి అమ్మడం మరొకటి. తనకంటే పెద్ద ఫండ్‌కు వాటా బదిలీ చేసి తప్పుకోవడం ఇంకొకటి, మన దేశంలో ఇదీ తరచూ జరుగుతుంది. కంపెనీయో, దాన్ని పెట్టిన వ్యక్తో తిరిగి కొనుక్కోవడం నాలుగోది. పండరీ దుకాణదారుడి పద్ధతి ఇదే, కాని కొత్త కంపెనీల దగ్గర అంత నగదు ఉండదు. ఇవేవీ కాకపోతే పుస్తకాల్లో ఆ పెట్టుబడిని సున్నాగా రాసుకుని వదిలేయడమే.

ఇక తెలుగు నేల కథ. 1990ల చివర్లో విక్రమ్ ఆకుల అనే యువకుడు అమెరికా నుంచి మెదక్ జిల్లాకు వచ్చాడు. ఆయన తల్లిదండ్రులది తెలంగాణే. పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలో. బంధుమిత్రుల చందాలతో స్వయం కృషి సంగం అనే స్వచ్ఛంద సంస్థ పెట్టి, నారాయణఖేడ్ ప్రాంతపు మహిళలకు చిన్న చిన్న అప్పులు ఇవ్వడం మొదలుపెట్టాడు. పద్ధతి బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకుది. ఐదుగురు మహిళలు ఒక గ్రూపు, కొన్ని గ్రూపులు కలిసి ఒక సెంటర్. పొద్దున్నే, కూలి పనులకు వెళ్లకముందే, వరసల్లో చాప మీద కూర్చుంటారు. అందరూ కలిసి ప్రతిజ్ఞ చదువుతారు. గ్రూపు లీడరు వాయిదా డబ్బు పోగుచేసి సంగం మేనేజర్ చేతికి ఇస్తుంది. అతను లెక్కపెట్టి పాస్‌బుక్‌లో రాస్తాడు. అరగంట గంటలో పని అయిపోతుంది. ఒకరు కట్టలేకపోతే మిగిలిన నలుగురూ సర్దాలి. ఆ పద్ధతిలో బలమూ ఉంది, రాబోయే కష్టానికి బీజమూ ఉంది.

చందాలతో నడిచే సంస్థ కొన్ని వేల మందికే అప్పు ఇవ్వగలదు. లక్షల మందికి ఇవ్వాలంటే బ్యాంకుల నుంచి కోట్లలో అప్పు తేవాలి. అలా తేవాలంటే సొంత మూలధనం ఉండాలి, మూలధనం కావాలంటే వాటాదారులు కావాలి. ఆకుల వాదన ఇదే, అందులో బలం ఉంది. 2005లో అప్పుల వ్యాపారాన్ని ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ అనే కంపెనీకి మార్చారు. ఈ మార్పు జరిగిన తీరు దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే తర్వాత వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడే పుట్టాయి.

స్వచ్ఛంద సంస్థ దగ్గరున్న దానాల సొమ్ము ఎవరికి చెందుతుంది? పేద మహిళల కోసం ఇచ్చిన డబ్బు కాబట్టి వాళ్ల పేరుతోనే ఉండాలని ఐదు మ్యూచువల్ బెనిఫిట్ ట్రస్టులు పెట్టారు. సంస్థ దానం డబ్బు ఆ ట్రస్టులకు ఇచ్చింది. ట్రస్టులు ఆ డబ్బుతో కొత్త కంపెనీ షేర్లు కొన్నాయి. అంటే మొదట్లో కంపెనీ దాదాపు మొత్తంగా సభ్యులైన మహిళల తరఫు ట్రస్టులదే. ఆలోచన గొప్పది. మెదక్ పల్లెల్లో వాయిదాలు కట్టే ఆడవాళ్లు, తాము అప్పు తీసుకునే కంపెనీకి తామే యజమానులు. అయితే షేర్లు నేరుగా ఆ మహిళల చేతిలో లేవు. ట్రస్టుల చేతిలో ఉన్నాయి. వాటి తరఫున నిర్ణయం తీసుకునేది ధర్మకర్తలు.

తర్వాత పెట్టుబడులు వరసగా వచ్చాయి. ప్రభుత్వరంగ సిడ్బీ, అమెరికాకు చెందిన యూనిటస్ ఈక్విటీ ఫండ్, పెట్టుబడిదారు వినోద్ ఖోస్లా తొలి దశలో వచ్చారు. 2007లో సెకోయా క్యాపిటల్ వచ్చింది. అది పేరుమోసిన వెంచర్ ఫండ్, సేవారంగంతో దానికి సంబంధం లేదు. 2008 చివర్లో శాండ్‌స్టోన్ క్యాపిటల్ సుమారు 7.5 కోట్ల డాలర్లు పెట్టింది. ప్రతిసారీ కొత్త షేర్లు పుట్టాయి, ప్రతిసారీ మహిళల ట్రస్టుల వాటా పలచబడింది. ఐపీఓ నాటికి ఆ వాటా ఐదో వంతుకు లోపలే. కొత్త డబ్బు వస్తే పాత వాటా తగ్గడం ఏ కంపెనీలోనైనా మామూలే. కానీ ఇక్కడ పలచబడ్డ వాటాదారులు ఆ బోర్డు గదిలో కూర్చోలేని వాళ్లు. అహ్మదాబాద్ ఐఐఎంలో పనిచేసిన ఆచార్యుడు ఎం.ఎస్. శ్రీరామ్ 2010లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో సూక్ష్మరుణ సంస్థలు వ్యాపార సంస్థలుగా మారుతున్న తీరుపై రాసిన వ్యాసం ఈ ట్రస్టుల సంగతిని గట్టిగా నిలదీసింది. అది వచ్చింది ఐపీఓకు ముందే. చదవాల్సిన వాళ్లు చదివి ఉంటే బాగుండేది.

2010 జనవరిలో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి కాటమరాన్ సంస్థ షేరు 300 రూపాయల చొప్పున 28 కోట్ల రూపాయలు పెట్టింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆకుల తన షేర్లలో కొన్నింటిని ట్రీలైన్ అనే విదేశీ ఫండ్‌కు 600 రూపాయలకు పైగా ధరకు అమ్మారు. రెండూ చట్టప్రకారం జరిగినవే. అయినా పేదల పేరున మొదలైన సంస్థలో వారాల తేడాతో షేరు ధర రెట్టింపు దాటడం చాలామందిని ఆలోచింపజేసింది. జూలై చివర ఐపీఓ తెరిచారు. ధర 985 రూపాయలు. అమ్మకానికి పెట్టిన షేర్లకు పదమూడు రెట్లకు మించి దరఖాస్తులు వచ్చాయి. వచ్చిన మొత్తం 1,600 కోట్ల రూపాయలకు పైగా.

ఆ 1,600 కోట్లూ పేదలకు అప్పులివ్వడానికే అనుకుంటే పొరపాటు. అమ్మిన సుమారు 1 కోటి 68 లక్షల షేర్లలో 74 లక్షలే కంపెనీ కొత్తగా జారీ చేసినవి. మిగిలిన 93 లక్షల షేర్లు పాత వాటాదారులవి. సెకోయా, యూనిటస్ ఫండ్ తాలూకు మారిషస్ సంస్థ, కిస్మెట్ అనే మరో పెట్టుబడి సంస్థ, మహిళల ట్రస్టులు ఈ దారిన అమ్మాయి. అంటే సగానికి పైగా డబ్బు కంపెనీ గల్లాకు చేరలేదు, బయటికెళ్లే వాళ్లకు చేరింది. ఐపీఓ అంటే ఇలాగే ఉంటుంది, దాచిపెట్టిందేమీ లేదు. ప్రాస్పెక్టస్‌లో అంతా రాసి ఉంది. ఆగస్టు 16న లిస్ట్ అయిన రోజే షేరు 1,088 దగ్గర ముగిసింది. సెప్టెంబరులో 1,400 దాటింది. అప్పటికి కంపెనీ సభ్యులు 70 లక్షలకు చేరువలో ఉన్నారు. ఇంపాక్ట్ పెట్టుబడుల ప్రపంచంలో ఇంత పెద్ద విజయగాథ అంతకుముందు ఇండియాలో లేదు.

అదే జూలైలో అమెరికాలో ఒక సంగతి జరిగింది. ఎస్‌కేఎస్ తొలి అడుగుల్లో చేయూతనిచ్చిన యూనిటస్ స్వచ్ఛంద సంస్థ తన సూక్ష్మరుణ కార్యక్రమాలను ఆపేస్తున్నామని, సిబ్బందిని తీసేస్తున్నామని ప్రకటించింది. పెట్టుబడి పెట్టిన ఫండ్ వేరు, ఆ సేవాసంస్థ వేరు. అయినా ఆ రెండు వార్తలూ ఒకే నెలలో పక్కపక్కన వచ్చేసరికి, డబ్బు చేతికి రాగానే ధ్యేయం వదిలేశారన్న విమర్శ అక్కడి దాతల్లోనే వినిపించింది.

ఇక పల్లెల్లో పరిస్థితి వేరుగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2006లోనే కృష్ణా జిల్లా కలెక్టరు సూక్ష్మరుణ సంస్థల శాఖలను పదుల సంఖ్యలో మూయించారు. వడ్డీలు, వసూళ్ల ఒత్తిడి మీద ఫిర్యాదులు అప్పటికే ఉన్నాయి. ఆ హెచ్చరిక తర్వాత నాలుగేళ్లలో సంస్థలు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు కంపెనీల అప్పులు, పైన డ్వాక్రా గ్రూపు అప్పు. ఒక వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ అప్పు. కంపెనీ విలువను ఎంతమంది సభ్యులు, ఎన్ని కోట్ల అప్పులు అని కొలిచే పెట్టుబడిదారు బోర్డులో కూర్చున్నప్పుడు, ఊళ్లో సంగం మేనేజర్ మీద పడే ఒత్తిడి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఐపీఓ ముందరి రెండు మూడేళ్లే ఏ కంపెనీకైనా పెరుగుదల బాగా చూపించుకోవలసిన కాలం. అమ్మకం సంగతి ఊళ్లో అప్పు ఇచ్చే తీరును కూడా మార్చేస్తుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

2010 అక్టోబరు మొదటివారంలో కంపెనీ సీఈఓ సురేశ్ గురుమణిని బోర్డు తొలగించింది. లిస్ట్ అయి రెండు నెలలు కాలేదు. అదే నెల 15న ముఖ్యమంత్రి రోశయ్య ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పులబాధతో మహిళలు ఆత్మహత్యలు చేసుకుంటున్నారని పత్రికల్లో, టీవీల్లో రోజూ వార్తలు వస్తున్న రోజులవి. వారం వారం వసూళ్లు కుదరవు, నెలకొకసారే. ఇంటికెళ్లి అడగకూడదు. జిల్లా అధికారుల దగ్గర రిజిస్టర్ కావాలి. వడ్డీ అసలును మించకూడదు. డిసెంబరులో అది చట్టమైంది. నూటికి తొంభై తొమ్మిది చొప్పున తిరిగొస్తున్న అప్పులు రాష్ట్రంలో దాదాపు ఆగిపోయాయి. ఎస్‌కేఎస్ ఇచ్చిన అప్పుల్లో నాలుగో వంతుకు పైగా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. 2011-12లో కంపెనీ 1,360 కోట్ల రూపాయల నష్టం చూపించింది. 2011 నవంబరులో ఆకుల రాజీనామా చేశారు. 2012లో షేరు వంద రూపాయల లోపుకు పడింది.

ఇప్పుడు లెక్క చూడాలి. 985కు అమ్మినవాడు బాగుపడ్డాడు. ఐపీఓలో కొన్న చిన్న మదుపరి, ఎక్కడో ఒక టౌనులో బ్యాంకు ఉద్యోగి కావచ్చు, రిటైరైన ఉపాధ్యాయుడు కావచ్చు, తన డబ్బులో పదో వంతు కూడా చూడలేని స్థితికి వచ్చాడు. అమ్మకం రోజున ధర ఎంత అన్నది ఒకటే లెక్క కాదు. తర్వాత కొన్నవాడు, ఊళ్లో అప్పు తీసుకున్న మహిళ, జీతం తెచ్చుకుంటున్న సిబ్బంది, వీళ్లంతా ఆ లెక్కలో ఉన్నవాళ్లే.

కంపెనీ మాత్రం మునిగిపోలేదు. కొత్త సీఈఓ ఎం.ఆర్. రావు ఆధ్వర్యంలో ఖర్చు తగ్గించుకుని, అప్పులు వసూలైన మిగతా రాష్ట్రాల మీద నిలబడింది. 2012 జూలైలో 75 రూపాయల చిల్లర ధరకు పెద్ద సంస్థలకు షేర్లు అమ్మి మళ్లీ డబ్బు తెచ్చుకుంది. 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని పేరు మార్చుకుంది. 2019 జూలై 4న ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. ప్రతి వెయ్యి షేర్లకు 639 బ్యాంకు షేర్లు ఇచ్చారు. అలా మెదక్‌లో మొదలైన సంస్థ పేరున్న బ్యాంకులో భాగమైంది. ఓపిక పట్టి 75 రూపాయలకు కొని ఉంచుకున్నవాడికి కూడా పెద్ద లాభమే వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే షేరు. ఎప్పుడు లోపలికి వచ్చారు, ఎప్పుడు బయటపడ్డారు అన్నదే తేడా.

ఇది తెలుగువాళ్లకు మాత్రమే ఎదురైన అనుభవం కాదు. ఎస్‌కేఎస్ ఐపీఓకు మూడేళ్ల ముందు మెక్సికోలో ఇలాంటిదే జరిగింది. కాంపార్టమోస్ అనే బ్యాంకు అక్కడి పేద మహిళలకు ఏడాదికి ఎనభై శాతం పైచిలుకు వడ్డీకి అప్పులిచ్చేది. 2007 ఏప్రిల్‌లో ఐపీఓకు వెళ్లింది. ఆ ఐపీఓలో కొత్త షేరు ఒక్కటీ లేదు, అమ్మినవన్నీ పాత వాటాదారులవే. అక్సియోన్ అనే అమెరికా సేవాసంస్థ 2000లో సుమారు 10 లక్షల డాలర్లు పెట్టి, తన వాటాలో సగం మాత్రమే అమ్మితే 13 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. అక్సియోన్ ఆ డబ్బును ఎవరి జేబులోనూ వేయలేదు, ఇతర దేశాల సూక్ష్మరుణ సంస్థలకు పెట్టింది. అయినా ఆ లాభం మెక్సికో మహిళల వడ్డీలోంచి వచ్చిందన్న మాట నిలిచిపోయింది. గ్రామీణ్ బ్యాంకు స్థాపకుడు యూనస్ అప్పుడూ, తర్వాత ఎస్‌కేఎస్ ఐపీఓ అప్పుడూ ఈ దారిని బహిరంగంగా తప్పుపట్టారు. ఆయన మాటలో కొంత అతి ఉంది. దానాలతో 70 లక్షల మందికి అప్పు ఇవ్వడం ఎవరివల్లా కాదు. కానీ లాభం ఎంత అన్నదానికి ఒక పరిమితి ముందే పెట్టుకోవాలన్న ఆయన పట్టుదల నిజమైంది.

ఆంధ్ర సంక్షోభంలో అందరికీ ఎస్‌కేఎస్ పాటి అదృష్టం కూడా దక్కలేదు. గుంటూరులో 1998లో పద్మజారెడ్డి మొదలుపెట్టిన స్పందన, లిస్టింగ్‌కు వెళ్లకముందే ఆర్డినెన్స్ దెబ్బ తిన్నది. బ్యాంకులు అప్పుల కాలాన్ని పొడిగించి ఆదుకోవలసి వచ్చింది. పాత ఫండ్ల డబ్బు ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. 2017లో కేదారా క్యాపిటల్ వచ్చాకే ఊపిరి ఆడింది. ఐపీఓ జరిగింది 2019 ఆగస్టులో, 856 రూపాయల ధరకు. విజయ్ మహాజన్ 1996లో హైదరాబాదులో పెట్టిన బేసిక్స్ కథ ఇంకా బాధాకరం. రైతుకు అప్పుతోపాటు పంట సలహా, బీమా కూడా ఇవ్వాలని తపించిన సంస్థ అది. దాని అప్పుల కంపెనీ మూలధనం ఆ దెబ్బకు కరిగిపోయింది. దానిలో వాటాలున్న విదేశీ అభివృద్ధి సంస్థలకు బయటపడే దారి దొరకలేదు. మంచిగా నడిపినవాడూ, దూకుడుగా నడిపినవాడూ ఒకే చట్టం కింద పడ్డారు.

ఇన్ని ఒడుదొడుకుల మధ్య మొత్తం మీద రాబడి ఎంత వస్తోంది? మెకిన్సే సంస్థ ఇండియాలో 2010 నుంచి 2015 దాకా ఇంపాక్ట్ పెట్టుబడిదారులు బయటపడ్డ 48 సందర్భాలను పరిశీలించింది. మధ్యస్థ రాబడి ఏడాదికి సుమారు పది శాతం. పై మూడో వంతు ఒప్పందాల్లో మాత్రం అది 34 శాతం ఉంది. బ్యాంకు డిపాజిట్ కంటే ఓ మోస్తరు మేలు, మామూలు వెంచర్ ఫండ్ ఆశించేదానికంటే తక్కువ. ఈ రాబడిని ముందే ఒప్పుకుని వచ్చేవాళ్లే ఈ రంగానికి కావాలి.

ఐపీఓ దారి ఇలా ఉంటే, పెద్ద కంపెనీకి అమ్మే దారి నెమ్మదైనదీ, కొన్నిసార్లు మేలైనదీ. విజయవాడలో 2012లో శ్రీరామ్ రావి పెట్టిన ఏరువాక టెక్నాలజీస్ దీనికి చక్కని ఉదాహరణ. రొయ్యల చెరువులో ప్రాణవాయువు పడిపోతే రాత్రికి రాత్రి పంట పోతుంది. నీళ్లలో తేలే పరికరం ఆ కొలతను రైతు ఫోనుకు పంపుతుంది. మేత వేసే యంత్రం రొయ్యల ఆకలిని బట్టి మేత వదులుతుంది. వ్యవసాయ సాంకేతికతలో పెట్టుబడి పెట్టే ఆమ్నివోర్ ఫండ్ తొలిదశలోనే డబ్బు పెట్టింది. నెదర్లాండ్స్‌కు చెందిన మేత కంపెనీ న్యూట్రెకో మొదట భాగస్వామిగా వచ్చి, తర్వాత కంపెనీని తన చేతుల్లోకి తీసుకుంది. ఆమ్నివోర్ తన వాటా దానికే అమ్ముకుంది. కొన్నవాడికి రొయ్యల రైతు అవసరం ఉంది, రైతుకు యంత్రం అవసరం ఉంది. అమ్మకం తర్వాత కూడా వస్తువు ఆగలేదు.

ఒడిశాలో పల్లె పాడిరైతుల నుంచి పాలు సేకరించే మిల్క్ మంత్ర కూడా ఇదే దారిన వెళ్లింది. ఆవిష్కార్ వంటి ఇంపాక్ట్ ఫండ్లు దాన్ని తొలినాళ్ల నుంచీ మోశాయి. 2025 జనవరిలో తమిళనాడు హాట్సన్ ఆగ్రో దాన్ని 233 కోట్ల రూపాయలకు కొంటున్నట్లు ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్‌కు ఒడిశా పక్కనే కదా. ఇక్కడ పాల సేకరణ సంస్థ పెట్టాలనుకునే యువతకు ఆ కథ చదవదగ్గది. ఎందుకంటే పాల వ్యాపారానికి చల్లబరిచే కేంద్రాలు, టాంకర్లు, రైతుకు పది రోజులకొకసారి నగదు చెల్లింపు కావాలి. పదేళ్ల ఆయుష్షున్న ఫండ్‌కు పాల డెయిరీ చాలా నెమ్మదిగా పెరుగుతున్నట్టు కనిపిస్తుంది.

మరో సంగతి కూడా పెట్టుబడిదారుల్ని బయటికి నెడుతుంది. అదే నియంత్రణ. 2015 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు పది సంస్థలకు స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు పెట్టడానికి సూత్రప్రాయంగా అనుమతి ఇచ్చింది. వాటిలో ఎక్కువ సూక్ష్మరుణ సంస్థలే. విదేశీ ఫండ్ల వాటా ఎక్కువగా ఉన్న ఈక్విటాస్, ఉజ్జీవన్ వంటివి ఆ వాటాను మొత్తం షేర్లలో సగం కంటే తక్కువకు తగ్గించుకోవలసి వచ్చింది. 2016 వేసవిలో ఈక్విటాస్ 110 రూపాయలకు, ఉజ్జీవన్ 210 రూపాయలకు ఐపీఓకు వెళ్లాయి. అంటే ఆ ఫండ్లు అమ్మాలనుకుని అమ్మలేదు, అమ్మక తప్పక అమ్మాయి. ఆ అమ్మకం వెనక బ్యాంకు అవుతామన్న లక్ష్యం ఉంది. కాబట్టి డిపాజిట్లు తీసుకునే సంస్థ ఒకటి పేదలకు దక్కింది. ఎస్‌కేఎస్ ఐపీఓతో పోలిస్తే వీటికి ఊళ్లలో వ్యతిరేకత రాలేదు.

ఇక ఒప్పంద పత్రం మాట. పండరీలోని ఇంక్యుబేటర్ నుంచి బయటికొచ్చే యువత పెట్టుబడి పత్రం మీద సంతకం చేసేటప్పుడు చాలా సార్లు కంపెనీ విలువ ఎంత కట్టారన్నది మాత్రమే చూస్తారు. అసలు చూడాల్సింది చివరి పేజీల్లో ఉంటుంది. ఇన్నేళ్లలోగా ఐపీఓ చేయకపోతే మొత్తం కంపెనీని అమ్మించే హక్కు పెట్టుబడిదారుకు ఉంటుంది. డ్రాగ్ ఎలాంగ్ అంటారు దాన్ని. వ్యవస్థాపకుడు అమ్మితే తన షేర్లు కూడా అదే ధరకు అమ్మే హక్కు ట్యాగ్ ఎలాంగ్. తన వాటాను ఫలానా తేదీకి తిరిగి కొనిపించే హక్కు కూడా ఉంటుంది. విదేశీ పెట్టుబడికి మాత్రం ఇంత రాబడి ఖాయమని ముందే హామీ ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు 2014లో స్పష్టం చేసింది. వీటన్నిటిలో ఎక్కడా కొనేవాడు ఎవరై ఉండాలి, వడ్డీ ఎంత మించకూడదు, సేవ ఎన్నేళ్లు ఆగకూడదు అన్నది ఉండదు, ఎవరైనా పట్టుబట్టి రాయిస్తే తప్ప. ఇటీవలి కాలంలో కొన్ని అభివృద్ధి బ్యాంకులు, ఫండ్లు ఇలాంటి షరతులను రాయడం మొదలుపెట్టాయి. ఇవి ఇంకా తక్కువే.

సెబీ 2022లో నిబంధనలు రూపొందించిన సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ను కూడా ఈ దారుల్లో ఒకటనుకుంటారు కొందరు. సేవాసంస్థలు అక్కడ జారీ చేసే పత్రాలకు వడ్డీ ఉండదు, అసలూ తిరిగి రాదు. అది దానం ఇవ్వడానికి మంచి వేదిక. వాటా అమ్ముకోవడానికి కాదు.

మహిళల ట్రస్టుల ప్రశ్న మాత్రం ఇప్పటికీ తాజాగానే ఉంది. ఆ ఐపీఓలో ట్రస్టులకూ డబ్బు వచ్చింది. చదువులకు, సంక్షేమానికి వాడాలన్నది ఉద్దేశం. వాయిదాలు కట్టి ఆ కంపెనీని నిలబెట్టిన మెదక్ మహిళ చేతిలో షేరు పత్రం ఉండి ఉంటే, 985 దగ్గర అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది ఆమె నిర్ణయించుకునేది. అమూల్ పద్ధతిలో పాలు పోసే రైతుకు సహకార సంఘంలో వాటా ఉంటుంది, ఓటు ఉంటుంది. అప్పుల కంపెనీలో అప్పు తీసుకునేవాళ్లకు అలాంటి స్థానం ఇవ్వడం కష్టమే, కానీ ఐదు ట్రస్టులు పెట్టినప్పుడు ఆ దిశగా అడుగు వేశారు. సగం దారిలో ఆపేశారు.

తెలుగు రాష్ట్రాల్లో సూక్ష్మరుణ వ్యాపారానికి పదేళ్లకు పైగా తలుపులు మూసుకుపోయాయి. కంపెనీలు ఒడిశాకు, బిహార్‌కు, మధ్యప్రదేశ్‌కు, ఇక్కడి ఛత్తీస్‌గఢ్‌కు విస్తరించాయి. 2022లో రిజర్వ్ బ్యాంకు సూక్ష్మరుణాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. ఇంటి మొత్తం ఆదాయంలో సగానికి మించి అప్పుల వాయిదాలకు పోకూడదని పెట్టింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు కింద నమోదైన కంపెనీలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. దాంతో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ మళ్లీ అప్పులివ్వడానికి దారి తెరుచుకుంది. ఆ కంపెనీల్లో పెట్టే కొత్త ఫండ్లకు కూడా ఎప్పటిలాగే పదేళ్ల గడువే ఉంటుంది.